పరదేశంలో పొరుగింటి కుక్క

పారిస్ అనగానే మనవారికి ఈఫిల్ గోపురమూ, సేన్ నదీ, అత్తరు సీసాలూ జ్ఞాపకం వస్తాయి. అవన్నీ ఉన్నమాట నిజమే. కాని మన కుటుంబాలు కాపురముండే పారిస్ అది కాదు. నగరంలో గార్ ద్యు నోర్ అనే పెద్ద స్టేషను నుంచి ఉత్తరానికి పోయే పట్టణపు రైలెక్కితే సార్సెల్, గార్జ్, విలియే-ల్-బెల్, గోనెస్ అనే ఊళ్ళు ఒకదాని వెనుక ఒకటి తగులుతాయి. పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాల నుంచి వెళ్ళినవారు ఆ చుట్టుపట్ల చాలామంది ఉన్నారు. మన యానాం వారు కొద్దిమందే. తూర్పున రువాసీ విమానాశ్రయం. నిమిషానికొక విమానం నెత్తిమీదుగా పోతున్నట్లే ఉంటుంది. 2000 జూలై 25న కాంకర్డ్ విమానం కూలిపోయినది ఆ గోనెస్ లోనే. అటువంటి చోట విమానాల హోరు ఎవరికీ వినపడదు గాని, గోడ అవతల కుక్క మొరిగితే వీధంతా వినపడుతుంది.

మన పత్రిక చదివే ఇళ్ళలో ఇప్పుడు ఒకరో ఇద్దరో పైదేశాలలో లేనివారు తక్కువ. అక్కడి జీతాలను గురించీ చలిని గురించీ ఉత్తరాలలో వ్రాస్తారు గాని, పొరుగువారి కుక్కను గురించి ఎవరూ వ్రాయరు. మా అక్కయ్య కూడా రెండేళ్ళపాటు వ్రాయలేదు. 2025 ఏప్రిల్‌లో తొంభై రోజుల వీసామీద నేను వాళ్ళింటికి వెళ్ళిన తరువాత తెలిసిన సంగతి ఇది.

మా బావగారి తాతగారు యానాంలోనే పుట్టారు. యానాం 1954లో ఫ్రెంచివారి చేతిలో నుంచి మనదేశం చేతికి వచ్చింది. ఒడంబడిక పూర్తిగా అమలైనది 1962 ఆగస్టు 16న. అప్పుడు ఆరు నెలల గడువిచ్చి, కోరుకున్నవారు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోవచ్చునన్నారు. ఆ తాతగారు కోరుకున్నారు. అందుచేత మా బావగారు మూడవ తరం ఫ్రెంచి పౌరుడు. అయినా ఏదైనా తగవు వచ్చేటట్లుంటే ఆయన నోట వచ్చే మొదటి మాట: "మనం వచ్చినవాళ్ళం, వాళ్ళు ఉన్నవాళ్ళు." కాగితంమీద ఆయన ఉన్నవాడే. మనసులో ఇంకా వచ్చినవాడే. మదురైలోనో బరంపురంలోనో ఏడెనిమిది తరాలుగా ఉంటున్న మన పాఠకులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

వాళ్ళ ఇల్లు ఒక వరుసలోది. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే ఉమ్మడి గోడ. ముందు నాలుగు గజాల తోట, చుట్టూ మనిషెత్తు కంచెచెట్లు, కిటికీలకు వెలుపల చెక్క తలుపురెక్కలు. సాయంత్రం కాగానే ఆ రెక్కలు మూసుకుంటే వీధిలో మనుషులున్నారా అన్న అనుమానం వస్తుంది. ఇరవై ఏండ్ల వాయిదాలకు కొన్నారు, తొమ్మిదేండ్లు గడిచాయి. ఆ నిశ్శబ్దం చూచే కొన్నామని అక్కయ్య చెప్పింది.

మన ఊళ్ళో కుక్కలు లేవా? యానాంలో మా వీధికే పది పన్నెండు కుక్కలు. రాత్రి రెండు గంటలకు ఒకటి మొదలుపెడితే గోదావరి గట్టుదాకా అందుకుంటాయి. వాటి నడుమనే పుట్టాము, వాటి నడుమనే నిద్రపోతాము. ఎందుచేతనంటే అవి ఎవరి కుక్కలూ కావు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియనప్పుడు మనిషి అటు తిరిగి పడుకుంటాడు. పైగా మనకు కుక్క అంత పరాయిదీ కాదు. కాలభైరవుని వాహనం కుక్క. మాకు దగ్గరలోనే ఉన్న పిఠాపురం పోతే దత్తాత్రేయుని పాదాలచెంత నాలుగు కుక్కలుంటాయి. ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. భారతకథ మొదలయ్యేదే సరమ అనే కుక్క తన పిల్లను అన్యాయంగా కొట్టారని జనమేజయుని నిలదీయడంతో. పొరుగువారి కుక్కను గురించిన ఫిర్యాదులు లోకంలో చాలా ఉండవచ్చు గాని, కుక్కే వచ్చి రాజుకు ఫిర్యాదు చేసిన కథ మనదే కాబోలు.

ఫ్రెంచివారి కుక్క సంగతి వేరు. దానికి యజమాని ఉంటాడు, పేరుంటుంది, టీకాల పుస్తకముంటుంది. 1999 జనవరి నుంచి నాలుగు నెలలు దాటిన ప్రతి కుక్కకూ గుర్తింపు సంఖ్య ఉండితీరాలి. చర్మంక్రింద చిన్న చిప్పు పెడతారు, లేదా పచ్చబొట్టు పొడుస్తారు. పేర్లకు కూడా ఒక పద్ధతి ఉన్నది. జాతికుక్కలకు ఏటికొక అక్షరం. ఆ ఏడు పుట్టిన పిల్లల పేర్లన్నీ ఆ అక్షరంతోనే మొదలుకావాలి. జాతిలేని కుక్కలకు నిర్బంధం లేకపోయినా చాలామంది అదే పాటిస్తారు. పొరుగింటి కుక్క పేరు రూబీ. "అయితే 2020లో పుట్టినదై ఉంటుంది మామయ్యా, ఆ ఏడు ఆర్ అక్షరం" అని మా మేనకోడలు లెక్కకట్టి చెప్పింది. మన వాళ్ళు నామనక్షత్రం చూసినట్లే ఉన్నదనుకున్నాను.

ఇక అసలు బాధ. బావగారిది విమానాశ్రయంలో సామాను బండ్లు తోలే పని. రాత్రి పదింటికి ఎక్కి తెల్లవారి ఆరింటికి దిగుతారు. ఇంటికి వచ్చి ఇంత తిని ఎనిమిది గంటలకు పడుకుంటారు. ఎనిమిదిన్నరకు పొరుగింటావిడ పనికి పోతుంది. ఎనిమిదీ నలభైకి రూబీ మొదలుపెడుతుంది. ఆమె ఒక ప్రాథమిక పాఠశాల భోజనశాలలో పనిచేస్తుంది. మధ్యాహ్నం మూడున్నరకు తిరిగి వస్తుంది. ఆ రెండింటి నడుమ ఉమ్మడి గోడకు ఆనుకొని ఉన్న వసారాలో కుక్క ఒక్కటే. గోడకు ఇవతల బావగారి మంచం.

ఆ శీతకాలంలో ఒక తెల్లవారుజామున ఆయన విమానాల నడుమ బండి తోలుతూ కునికారట. ఏమీ కాలేదు. ఒక నిచ్చెనబండికి జానెడు దూరంలో ఆగింది. పైఅధికారి ఒక హెచ్చరిక కాగితం ఇచ్చాడు. రెండవది వస్తే రాత్రిపని తీసేస్తారు. రాత్రిపనికి వచ్చే అదనపు జీతంతోనే ఇంటి వాయిదా కడుతున్నారు. ఇల్లు అమ్ముకుపోదామా అని భార్యాభర్తలు మాట్లాడుకుంటున్న సమయంలో నేను అక్కడికి వెళ్ళాను.

నేను దిగిన మొదటి పదిహేను రోజులూ రూబీ నోరు మెదపలేదు. "నువ్వు వచ్చావని మర్యాద చూపిస్తోందిరా తమ్ముడూ" అన్నది అక్కయ్య. ఏప్రిల్ 28, సోమవారం, ఎనిమిదీ నలభై రెండుకు వినిపించింది. మామూలు మొరుగుడు కాదది. దొంగను చూసి మొరిగే కుక్క ఆగి ఆగి మొరుగుతుంది. ఇది ఒకే శ్రుతిలో, ఊపిరి తీసుకునే వ్యవధి మాత్రమే ఇచ్చి, మధ్యమధ్య సన్నగా సాగదీసి, గంటసేపు. గోడమీద వ్రేలాడే పటం అదిరేది.

అంతకుముందు బావగారు చేయని ఉపాయం లేదు. చెవుల్లో దూది పెట్టారు. పచ్చ శిలువ గుర్తుండే మందుల దుకాణాలలో దూది కలిపిన మైనపు గోళీలు అమ్ముతారు. వేళ్ళతో మెత్తచేసి చెవిలో పెట్టుకోవాలి. అవి మనుషుల మాటలు ఆపుతాయి గాని, గోడలోనుంచి మంచంలోకి వచ్చే అదురును ఆపవు. ఫంకా పెట్టుకుంటే ఆ హోరులో కొంత కలిసిపోతుంది. చలికాలంలో ఫంకా పెట్టుకొని రజాయి కప్పుకున్న మనిషిని ఎక్కడైనా చూశామా? స్నేహితులు తలొక సలహా ఇచ్చారు. మన చెవికి అందని ఈల ఊదే యంత్రం గోడకు పెట్టమన్నాడొకాయన. కుక్క చెవికి మనకంటె రెట్టింపు పైశ్రుతి వినపడుతుందన్నది నిజమే. కాని వీధిలోని తక్కిన కుక్కలు చేసిన పాపమేమిటి? మరొకడు మాంసంలో నిద్రమాత్ర పెట్టి గోడమీదుగా విసరమన్నాడు. బావగారు అతనితో మాట్లాడటం మానేశారు. అది పాపమన్నది అటుంచి, 2021 నవంబరులో వచ్చిన చట్టం ప్రకారం పెంపుడుజంతువును హింసిస్తే మూడేండ్ల దాకా ఖైదు, 45,000 యూరోల దాకా జరిమానా. అది చస్తే ఇంకా ఎక్కువ.

నేను గుమాస్తాను. నాకు చేతనైన పని ఒకటే. అంగడిలో ఒక గీతల పుస్తకం కొని, తేదీ, మొదలైన వేళ, ఆగిన వేళ, కారణం తెలిస్తే కారణం అని నాలుగు గళ్ళు గీచాను. మూడు వారాలు, శనాదివారాలు మినహా, వరండాలో కుర్చీ వేసుకొని వ్రాశాను. పారిస్ చూడటానికి వచ్చి కుక్క హాజరుపట్టీ వ్రాస్తున్నావేమయ్యా అని బావగారు నవ్వారు. కాని పుస్తకం నిండేకొద్దీ అందులో ఒక సంగతి కనిపించింది. బుధవారాలు సున్న. ఆ ఊళ్ళో ప్రాథమిక పాఠశాలకు బుధవారం సెలవు. మే 1 సున్న, మే 8 సున్న. మొదటిది కార్మికదినం, రెండవది యుద్ధం ముగిసిన దినం, రెండూ ఆ ఏడు గురువారాలు. మే 1న వీధివీధినా తెల్లని చిన్న గంటలవంటి పూలగుత్తులు అమ్ముతారు. ఆవిడ కూడా ఒక గుత్తి కొనుక్కొని ఇంట్లోనే ఉన్నది. నేను వచ్చిన కొత్తలో పదిహేను రోజుల నిశ్శబ్దానికి కారణం వసంత సెలవులు. పనిదినాలు పదిలో మొత్తం 27 గంటల చిల్లర మొరుగుడు. అందులో ఒక పెద్ద భాగం ఆమె వెళ్ళిన మొదటి గంటలోనే. తరువాత పదకొండింటికి పసుపుబండిమీద తపాలామనిషి వచ్చినప్పుడొక పది నిమిషాలు. మళ్ళీ రెండు దాటాక.

అంటే ఆమె ఇంట్లో ఉన్నప్పుడు కుక్క నోరెత్తదు. ఆమె లేనప్పుడే మొరుగుతుంది. కనుక ఆ మొరుగుడు లోకంలో వినని మనిషి ఎవరంటే, దాని యజమానురాలు ఒక్కతే!

ఈలోగా చట్టమేమి చెబుతున్నదో చూశాము. బళ్ళో రెండవ భాషగా చదివిన ఫ్రెంచి నాకు కొంత పనికివచ్చింది. తక్కినది మేనకోడలు చదివి చెప్పింది. అక్కడ మనవారిలోనే గాక ఫ్రెంచివారిలో కూడా ఒక నమ్మకమున్నది: రాత్రి పది గంటలనుంచి తెల్లవారి ఏడు దాకా చేసిన చప్పుడే తప్పు, పగలు ఎవరిష్టం వారిదని. రాత్రి గోలకు శిక్షాస్మృతిలో ప్రత్యేక నిబంధన ఉన్న మాట నిజం. కాని ఆరోగ్య చట్టాలలో ఇంకొకటి ఉన్నది. ఎక్కువసేపు సాగడంవల్లగాని, మళ్ళీ మళ్ళీ రావడంవల్లగాని, గట్టిగా ఉండటంవల్లగాని పొరుగువారి శాంతికి భంగం కలిగించే చప్పుడు పగలైనా రాత్రయినా చేయరాదు; ఆ చప్పుడు మనిషిదైనా, అతని వస్తువుదైనా, అతని జంతువుదైనా సరే. మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలును. యంత్రంపెట్టి కొలవనక్కరలేదు; వెళ్ళిన అధికారి చెవితో విని వ్రాసుకుంటే చాలును. జరిమానా అక్కడికక్కడ 68 యూరోలు, ఆలస్యమైతే 180, న్యాయస్థానానికి పోతే 450 దాకా. ఆవైపు చూస్తే, 1970 జూలై 9 చట్టం ప్రకారం అద్దె ఇంట్లోనైనా కుక్కను పెంచుకోవద్దనే హక్కు ఎవరికీ లేదు; పొరుగువారికి ఇబ్బంది లేకుండా ఉండాలన్నదే షరతు. రెండు పక్షాలనూ చట్టం ఒకే గోడకు చెరొక ప్రక్క నిలబెట్టినట్లున్నది.

ఇవన్నీ తెలిసినా పోలీసుకు చెప్పడానికి బావగారు ఒప్పుకోలేదు. "జరిమానా వేయించిన మరునాడు కూడా ఆవిడా మనమూ ఆ గోడకే కొట్టుకోవాలి గదయ్యా" అన్నారు. ఆ మాట నిజం. మే 17, శనివారం అక్కయ్య జంతికలు వండి, పళ్ళెంలో పెట్టి, కూతురిని వెంటబెట్టుకొని వెళ్ళింది. పది నిమిషాలలో తిరిగి వచ్చింది.

"మా రూబీ అసలు మొరగదే" అన్నదట ఆవిడ. మేనకోడలు పుస్తకం సంగతి చెప్పేసరికి, "నా ఇంటిమీద నిఘా పెట్టారా?" అన్నది. ఆ తరువాత, "మీ దేశంలో కుక్కలంటే గిట్టదటగా" అని తలుపు వేసుకున్నది. పళ్ళెం అటే ఉండిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా భోజనం చేయలేదు. అక్కయ్యకు కుక్కకంటె ఆ చివరి మాట ఎక్కువ గుచ్చుకున్నది. "మీ దేశం అంటే ఏ దేశమే? నువ్వు ఇక్కడే పుట్టావు గదా?" అని కూతురిని అడిగింది. ఆ పిల్ల సమాధానం చెప్పక తన గదిలోకి పోయింది. నేను అక్కడ చూసిన వాటిలో ఇదొక్కటే మరపుకు రాదు. కుక్క మొరుగుడుకు మైనపు గోళీలున్నాయి గాని, ఆ మాటకు ఏ అంగడిలోనూ లేవు.

మరునాడు ఆదివారం. పిల్ల మనసు మళ్ళించడానికి ఎక్కడికైనా పోదామంటే, తానే ఒక చోటు చెప్పింది. పారిస్‌కు వాయవ్యంగా ఆనియేర్ అనే ఊళ్ళో సేన్ నది ఒడ్డున కుక్కల శ్మశానమున్నది. నవ్వకండి. 1898లో చచ్చిన జంతువులను నదిలోనూ చెత్తలోనూ పారవేయరాదని, ఇళ్ళకు నూరు మీటర్ల దూరంలో లోతుగా పాతిపెట్టాలని చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1899లో, మార్గరీత్ దురాన్ అనే పత్రికా సంపాదకురాలు, జార్జ్ హార్మ్వా అనే న్యాయవాది కలిసి దీనిని తెరిచారు. రాతి గేటు, చెట్లనీడ, వరుసవరుసగా చిన్నచిన్న పాలరాతి సమాధులు. కుక్కలేగాక పిల్లులు, గుర్రాలు కూడా ఉన్నాయి. సినిమాలలో పేరుపడ్డ రిన్ టిన్ టిన్ అనే కుక్క 1932లో అమెరికాలో చనిపోతే తెచ్చి ఇక్కడే పాతారు. మొదటి యుద్ధం చివర అది దొరికినది ఫ్రాన్సు నేలమీదనే.

గేటు దాటగానే బారీ అనే కుక్క స్మారకం. వీపున ఒక పసిబిడ్డ. ఆల్ప్స్ కొండల మంచులో చిక్కుకున్నవారిని నలభైమందిని కాపాడి, నలభైయొకటవ మనిషి చేతిలో చచ్చిపోయిందని దానిమీద చెక్కి ఉన్నది. కథ గొప్పదే గాని నిజం కాదు. అది ముసలిదై 1814లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో చచ్చిపోయింది. దాని దేహాన్ని అక్కడి ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రపరచారు. అయినా అక్కడ నిలబడి చదివేవారి కళ్ళు చెమరుస్తూనే ఉన్నాయి. ఒక ముసలాయన ఒక చిన్న సమాధిమీది ఆకులు ఏరి, నీళ్ళుపోసి కడిగి, ప్రక్కనే మడతకుర్చీ వేసుకొని కూర్చున్నాడు. మాట్లాడే తోడు లేని మనుషులు ఆ దేశంలో ఎంతమంది ఉన్నారో నాకు అక్కడ కొంత అర్థమైంది. మొరిగే కుక్క కరవదు అన్న సామెత అచ్చంగా ఫ్రెంచివారికీ ఉన్నది. బిడ్డలు దూరమైన ఇంట్లో కుక్కే బిడ్డ అవుతుందన్నది మాత్రం సామెతగా చెప్పనక్కరలేకుండానే అక్కడ అందరికీ తెలుసు.

తిరిగి వచ్చి ఉత్తరం వ్రాయడానికి కూర్చున్నాము. అక్కడ పొరుగువారితో తగవుకు మెట్లున్నాయి. మొదట మాట. తరువాత మామూలు ఉత్తరం. దానికి జవాబు రాకపోతే రసీదుతో రిజిస్టరు ఉత్తరం. ఆ తరువాతనే అధికారులు. రిజిస్టరు ఉత్తరం వచ్చిందంటే యుద్ధం ప్రకటించినట్లేనని పాతకాపులు చెప్పగా, మామూలు ఉత్తరమే వ్రాశాము. మా కచేరీలో నేను వేల ఉత్తరాలు వ్రాశాను గాని ఫ్రెంచి ఉత్తరం ముగింపువంటి ముగింపు ఎక్కడా చూడలేదు. మా శ్రేష్ఠమైన భావనలను స్వీకరించవలసినదిగా ప్రార్థన అని ఒకటిన్నర పంక్తి, కుక్క గురించి వ్రాసినా సరే! అందులో నిందావాక్యం ఒక్కటీ పెట్టలేదు. "మీరు ఇంట్లో లేనప్పుడు రూబీ చాలా కష్టపడుతున్నట్లున్నది, ఇది మీకు తెలియదనుకుంటున్నాము" అని మొదలుపెట్టి, బావగారి పనివేళలు వ్రాసి, పుస్తకంలో నుంచి ఒక వారం నకలు జతచేశాము. పది రోజులు చూశాము. జవాబు లేదు.

అప్పుడు మేనకోడలు చెప్పగా పురపాలక కార్యాలయానికి పోయాము. దానిని వారు మేరీ అంటారు. యానాంలో మా తాతగారి తరంవారు మున్సిపాలిటీ పెద్దను మేర్ అనేవారు కనుక ఆ బల్లముందు నాకు కొత్త అనిపించలేదు. అక్కడ వారానికొకనాడు ఒక రాజీదారు వచ్చి కూర్చుంటాడు. ఈ పద్ధతి 1978 మార్చిలో పెట్టారు. రాజీదారుకు జీతం లేదు, మనమిచ్చే రుసుము లేదు. పైకోర్టు పెద్ద నియమించగా ప్రమాణం చేసి పనిచేస్తారు, ఎక్కువమంది ఉద్యోగం విరమించినవారే. 2023 అక్టోబరు నుంచి ఇటువంటి పొరుగు తగవులలో మొదట రాజీకి ప్రయత్నించనిదే న్యాయస్థానం గడప ఎక్కనివ్వరు. మన ఊరి రచ్చబండమీద పెద్దమనిషికి ఒక బల్ల, ఒక ముద్ర ఇచ్చినట్లే. నా మట్టుకు నాకు ఆ దేశంలో చూసిన గోపురాలన్నిటికంటె ఈ ఏర్పాటే గొప్పగా కనిపించింది.

జూన్ 20న మమ్మల్ని రమ్మన్నారు. రావడం మానుకునే స్వేచ్ఛ ఆవిడకు ఉన్నది. అయినా వచ్చింది. నేను వెనుక కుర్చీలో కూర్చున్నాను. అది వారి వ్యవహారం. రాజీదారు ముసలాయన, ముక్కుమీద కళ్ళజోడు. ఆవిడ తన పాతమాటే చెప్పింది. బావగారు వాదించలేదు. విమానాల నడుమ కునికిన తెల్లవారుజాము సంగతి మెల్లగా చెప్పారు. తరువాత మేనకోడలు తన ఫోనులో పట్టిన శబ్దం వినిపించింది, మూడు నిమిషాలు.

ఆవిడ ముఖం మారిపోయింది. మొదటి నిమిషంలో కోపమే ఉన్నది. కుక్క గొంతు సన్నగా సాగదీసిన చోట చేయి ఎత్తి ఆపమన్నది. "ఇది మొరగడం కాదు" అని కొంతసేపు ఊరుకున్నది. రూబీని ఆమె జంతువుల శరణాలయం నుంచి తెచ్చుకున్నదట; 1845 నుంచి ఉన్న జంతు సంరక్షణ సంఘం వారిది. అంతకుముందు దానిని ఎవరో వేసవి సెలవులకు పోతూ కట్టివేసి వదిలిపెట్టి పోయారు. వేసవిలో కుక్కలను వదిలేయడం ఆ దేశానికి పట్టిన తెగులు. ఏటా వేసవికి ముందు వద్దని ప్రకటనలు వేస్తారు. పట్టిందల్లా ప్రేమించే దేశంలోనే ఇదీ ఉన్నది. అందుచేత తలుపు చప్పుడైతే చాలును, ఇక ఈ మనిషి రాదనుకుంటుంది కాబోలు. ఆవిడ మా అక్కయ్యవైపు చూసి ఏదో అన్నది. దానిలో క్షమించమనే మాట ఉన్నదని మేనకోడలు అంటుంది, లేదని అక్కయ్య అంటుంది. ఆ తగవు ఇంకా తీరలేదు.

ఒప్పందం ఒక కాగితంమీద వ్రాశారు. ఆవిడ పనికి పోయేముందు కుక్కను అరగంట నడిపించి అలసట పుట్టించాలి. వసారాలో కాక అవతలి ప్రక్క వంటగదిలో ఉంచాలి, వీధివైపు తలుపురెక్కలు సగం మూయాలి. జూలై ఆగస్టు సెలవులలో పశువైద్యుడు చెప్పిన పద్ధతిలో దానికి ఒంటరితనం అలవాటు చేయాలి. అంటే రెండు నిమిషాలు బయటికి పోయి రావడం, మరునాడు ఐదు నిమిషాలు, తరువాత పది, పోయేటప్పుడు ముద్దులూ వీడ్కోళ్ళూ లేకుండా. మనవైపు నుంచి బావగారి మంచం ఉమ్మడి గోడనుంచి మేడమీది వెనుకగదిలోకి మార్చాలి. ఆ గది మేనకోడలిది. ఆ పిల్ల ఒప్పుకున్నది, క్రొత్త బల్ల కొనిపెట్టాలన్న షరతుమీద.

సంతకాలు చేసి బయటికి వచ్చేసరికి ఎండ మండిపోతున్నది. ఆ జూన్ ఆఖరున అక్కడ వడగాడ్పులు పట్టుకున్నాయి. జూలై మొదటి రెండు రోజులూ ఈఫిల్ గోపురం పై అంతస్తు కూడా మూసివేశారు. ఆ ఇళ్ళు చలికి కట్టినవి, చల్లబరచే యంత్రాలుండవు. కిటికీలు తెరిస్తే కుక్క, మూస్తే ఉక్క. ఒప్పందం సిరా ఆరకముందే తెగిపోతుందనుకున్నాము. రూబీ మొరిగింది. వంటగదిలోనుంచి మొరిగింది, కాస్త దూరంగా, ఉదయం నలభై నిమిషాలు. బావగారు మేడమీది గదిలో తడితువ్వాలు కప్పుకొని నాలుగు గంటలు నిద్రపోయారు. రెండేళ్ళలో ఏకబిగిన అన్ని గంటలు నిద్రపోయినది అదే మొదటిసారి అన్నారు.

నా వీసా గడువు ముగిసి జూలై మొదటి వారంలో వచ్చేశాను. పుస్తకం మేనకోడలికి అప్పగించాను. సెప్టెంబరు 1న అక్కడ బళ్ళు తెరిచారు. ఆ పిల్ల తన బడికి పోయే రోజులలో అక్కయ్య వ్రాస్తున్నదట. మొదటి రెండు వారాల మొత్తం మూడు గంటల పది నిమిషాలు. బావగారికి రెండవ హెచ్చరిక రాలేదు. ఇల్లు అమ్మే మాట ఎత్తడం లేదు. జంతికల పళ్ళెం ఇంకా తిరిగి రాలేదు. అడగడానికి అక్కయ్యకు మొహమాటం. పదకొండింటికి పసుపుబండి వచ్చినప్పుడు మాత్రం రూబీ తన పది నిమిషాలూ మొరుగుతూనే ఉన్నది. దానిని మాన్పించడం ఎవరివల్లా కాదని రాజీదారే చెప్పి, తపాలా వేళకు మినహాయింపు అని కాగితం అడుగున తన చేత్తో వ్రాశాడు.